సొట్ట గ్లాసులో గ్రీన్ టీ

నా రక్తంలోకి కొవ్వు ఏ దారిన వచ్చిందో డాక్టరు చెప్పకముందే నాకు తెలుసు. అది గేదెల నుంచి వచ్చింది. నేను పశువుల ఆసుపత్రిలో సహాయకుణ్ణి. అసలు డాక్టరు గారు వేరే ఉన్నారు గానీ, గిద్దలూరు నుంచి కొమరోలు దాకా పల్లెల్లో సూది చేతబట్టిన ప్రతివాడూ డాక్టరే. కాబట్టి నన్నూ అలాగే పిలుస్తారు. నేనూ వద్దనలేదు.

మా పనికి ఒక వరస ఉంది. గేదెను చూడాలి, సూది వేయాలి. ఇంటివాళ్లు చెంబుతో నీళ్లు పోస్తుంటే మోచేతుల దాకా సబ్బుతో కడుక్కోవాలి. తువ్వాలు అందుకోవాలి. ఆ వెంటనే టీ. చేతులు కడుక్కుని టీ తాగకుండా లేస్తే ఇంటివాళ్ల మొహాలు చిన్నబోతాయి. "ఏం సారూ, మా బర్రె పాలు బాగలేవా?" అంటారు. పైగా పాడి ఉన్న ఇంట్లో పశువుల డాక్టరుకిచ్చే టీలో నీళ్లు కలపడమంటే పరువు తక్కువ. చిక్కటి పాలు, పైన తేలే మీగడ, గుప్పెడు చక్కెర. రోజుకు ఎనిమిది ఇళ్లు తిరిగితే ఎనిమిది టీలు. ఇన్నేళ్లలో నేను తాగిన మీగడతో ఒక చిన్న నేతి దుకాణం పెట్టుకోవచ్చు.

ఏడాది కింద ఆయాసం మొదలైంది. మోటారు సైకిలు దిగి నాలుగడుగులు మిట్ట ఎక్కితే చాలు, రొమ్ము బిగబట్టినట్టుండేది. ఎవరికీ చెప్పలేదు. మా నాయన యాభై ఆరేళ్లకే శనగ చేలో కూలబడి, అక్కడే ప్రాణం విడిచాడు. నాకప్పటికి యాభై ఐదు నిండాయి. ఆ లెక్క నేను పైకి అనలేదు గానీ మా ఆవిడ మనసులో వేసుకుంటూనే ఉందని తర్వాత తెలిసింది. ఒకరోజు నన్ను బస్సెక్కించి మార్కాపురం తీసుకుపోయింది.

డాక్టరు రక్తపరీక్ష కాగితం చూసి, నా వైపు చూసి, మళ్లీ కాగితం చూశాడు. ఆ రెండో చూపు నాకు నచ్చలేదు. గుండెకింకా ఏమీ కాలేదు గానీ కొలెస్ట్రాల్ బాగా పెరిగిందన్నాడు. రోజూ ఒక మాత్ర రాశాడు. నడవమన్నాడు. నూనె, మాంసం తగ్గించమన్నాడు. రోజుకెన్ని టీలు తాగుతారని అడిగితే నేను "మూడు" అన్నాను. మా ఆవిడ నా మొహం చూసింది. "ఎనిమిది" అన్నాను.

"గ్రీన్ టీ తాగితే తగ్గుతుందంట గదండీ?" అని మా ఆవిడ అడిగింది.

"తాగొచ్చమ్మా, మంచిదే. కొంచెం సాయం చేస్తుందేమో. కానీ అది మందు కాదు, మాత్ర మానకూడదు. అది తాగే వంకతో ఈ ఎనిమిది పాల టీలు ఆగితే అసలు మేలు అదీ" అన్నాడు డాక్టరు.

మా ఆవిడకు మొదటి ముక్క మాత్రమే వినబడింది. బస్టాండుకు పోయే దారిలోనే గ్రీన్ టీ పెట్టె కొన్నది. మూతే కప్పుగా పనికొచ్చే ఒక ఫ్లాస్కు కూడా కొన్నది. మర్నాడు పొద్దున నా మందుల సంచిలో సూదుల పక్కన ఆ ఫ్లాస్కు చేరింది.

గ్రీన్ టీ రుచి గురించి గొప్పగా చెప్పేవాళ్లు ఎవరైనా ఉంటే వాళ్లు పశువుల కొట్టంలో పనిచేసి ఉండరు. నాకైతే అది వానకు తడిసిన వరిగడ్డి వాసన. మొదటి వారం ముక్కు మూసుకుని తాగాను. పల్లెల్లో నన్ను ఆడుకున్నారు. "బర్రెకు గడ్డి, సారుకు గడ్డి నీళ్లు" అన్నాడొకాయన. "ఏంది సారూ, దూడకు పోసే పసరు మందు నువ్వే తాగుతుండావు?" అన్నది ఇంకో ఇల్లాలు. నేనూ ఊరుకునే రకం కాదు. నీ బర్రె మీగడే నన్నింత చేసిందని దెబ్బలాడేవాణ్ణి. తర్వాత కొలెస్ట్రాల్ మీద ఉపన్యాసం ఇచ్చేవాణ్ణి. రక్తనాళాలంటే పొలానికి నీళ్లు పారే గొట్టాల్లాంటివని, కొవ్వు పేరుకుంటే పూడిపోతాయని చేతులు తిప్పుతూ చెప్పేవాణ్ణి. నాలుగు రోజులకే నాకు ఆ ఉపన్యాసం టీ కన్నా రుచిగా తోచింది. కడుక్కున్న చేతులతో ఫ్లాస్కు తీయడం, మూతలో పోసుకోవడం, తాగి కడిగి సంచిలో పెట్టుకోవడం, అంతా పద్ధతిగా చేస్తున్నానని గర్వం కూడా కలిగింది.

ఆ గర్వంతోనే పెద్దమ్మ ఇంటికి పోయాను.

ఆమె నాకు చుట్టం కాదు. కొమరోలు వైపు ఒక ఊళ్లో వంక దాటి పోతే దళితవాడ ఉంది. అక్కడ అందరూ చర్చికి పోయేవాళ్లే. ఆమెది వాడలో చివరి ఇల్లు. భర్త లేడు. మోకాళ్లు బాగున్నంత కాలం కూలికి పోయింది, ఆ తర్వాత ఒక్క గేదెను పెట్టుకుని పాలకేంద్రానికి పాలు పోస్తూ బతుకుతోంది. పద్నాలుగేళ్ల కింద నేను మొదటిసారి ఆ ఇంటికి పోయిన రోజు, చేతుల మీద నీళ్లు పోసి, తువ్వాలిచ్చి, కాసేపు అట్లాగే నిలబడింది. తర్వాత మెల్లగా అడిగింది. "మా ఇంట్లో టీ తాగుతావా నాయనా?"

అన్ని ఊళ్లు తిరిగాను, ఆ ప్రశ్న నన్నెవరూ అడగలేదు. మిగతా ఇళ్లలో అడగరు, ఇస్తారు. ఎందుకు తాగనని నేను వెంటనే అన్నానని రాసుకోవాలని ఉంది గానీ అది అబద్ధం. ఒక్క క్షణం ఆగాను. మా అమ్మ మొహం గుర్తొచ్చింది. ఆ తర్వాతే "ఇయ్యి పెద్దమ్మా" అన్నాను. అంచున సొట్టపడిన స్టీలు గ్లాసులో టీ తెచ్చి, ఇచ్చే ముందు కళ్లు మూసుకుని నాలుగు ముక్కలు ప్రార్థన చేసింది. "ప్రభువా, ఈ బిడ్డ చేతిని దీవించు" అన్నది. అప్పటి నుంచి మళ్లీ ఆ ప్రశ్న అడగలేదు. పోయిన ప్రతిసారీ అదే గ్లాసు, అదే ప్రార్థన. ఊరంతా నన్ను సారూ అంటే ఆమె మాత్రం నాయనా అనేది.

ఇంకో నెలకు ఈనబోయే ఆమె గేదె మేత సరిగ్గా తినడం లేదని కబురొస్తే ఆ రోజు పోయాను. చూశాను, మందిచ్చాను. చేతులు కడుక్కున్నాను. ఆమె పొయ్యి వెలిగించడానికి లోపలికి తిరిగింది.

"టీ వద్దు పెద్దమ్మా. నాది నేను తెచ్చుకున్నా" అన్నాను.

అంతలో ఫోను మోగింది. ఇంకో ఊళ్లో పాము కరిచిన ఎద్దు గురించి. ఫోను భుజానికీ చెవికీ మధ్య ఇరికించుకుని, కొట్టం ముందున్న మంచం మీద కూర్చుని, ఫ్లాస్కు తీసి మూతలో పోసుకుని గబగబా తాగాను. నా సీసాలో నీళ్లతోనే ఆ మూత కడిగాను. సంచిలో పెట్టుకుని లేచాను. ఊరంతటికీ ఇచ్చిన ఉపన్యాసం ఆమె దగ్గర ఇవ్వడానికి తీరిక లేకపోయింది. గుమ్మంలో ఆమె సొట్ట గ్లాసు పట్టుకుని నిలబడి ఉంది.

"పోయొస్తా పెద్దమ్మా."

"మంచిది సారూ."

ఆ సారూ నాకు వినబడింది. కానీ నేను విన్లేదు. నా మనసంతా ఎద్దు మీద ఉంది.

నెల గడిచింది. ఈనే రోజులు దగ్గరపడ్డాయి. ఆ సమయంలో ఆమె నాకు రెండు రోజులకోసారి ఫోను చేయించేది. ఈసారి ఒక్క ఫోనూ లేదు. పాలకేంద్రంలో పాలు కొలిచే అతను దారిలో ఎదురైతే అడిగాను. "ఆ పెద్దామె ఇప్పుడు కొమరోలు ప్రైవేటు ఆయన్ను పిలిపిస్తుంది సారూ. మొన్న కూడా వచ్చిపోయినాడు" అన్నాడు.

నాకు ఒళ్లు మండిపోయింది. నా కోపం గడ్డిమంట లాంటిది, భగ్గున అంటుకుంటుంది. ఇంటికి వచ్చి చెప్పులు విడవకుండానే మొదలుపెట్టాను. పద్నాలుగేళ్లు వానలో ఎండలో పోయి చూశానని, దూడల్ని నా చేతులతో లాగానని, మనుషులకు విశ్వాసం లేదని, నోటికొచ్చినట్టల్లా అన్నాను. మా ఆవిడ చిక్కుడుకాయలు వలుస్తూ అంతా విన్నది.

"పోయినసారి ఏం జరిగింది?" అని అడిగింది.

"ఏం జరుగుతుంది? గేదెను చూశాను, వచ్చాను."

"టీ ఇవ్వలేదా?"

"ఇస్తానంటే నాదుందని చెప్పాను. నాది నేను తాగాను."

"ఏ గ్లాసులో?"

"గ్లాసెందుకు? ఫ్లాస్కు మూత ఉంది కదా. తాగి, కడిగి పెట్టుకున్నాను."

మా ఆవిడ చేతిలో చిక్కుడుకాయ అట్లాగే ఆగింది. "నీళ్లు కూడా నీవేనా?" అన్నది. చెప్పులు విడిచి అక్కడే కూర్చున్నాను. అప్పటికి అర్థమైంది.

మా ఊరి ఇంట్లో, ఎద్దుల కొట్టం చూరులో ఒక సత్తు గ్లాసు దోపి ఉండేది. దళితవాడ నుంచి మా పొలం పనికి వచ్చేవాళ్లు ఆ గ్లాసు వాళ్లే తీసుకోవాలి. మా అమ్మ పైనుంచి టీ పోసేది. తాగి, వాళ్లే కడిగి, మళ్లీ చూరులో దోపాలి. నా చిన్నతనమంతా రోజూ చూశాను. అది తప్పని పెద్దయ్యాక తెలుసుకున్నాను, మా అమ్మతో పోట్లాడాను, ఆ గ్లాసును నేనే తీసి పారేశాను. ఆ సంగతి నలుగురిలో గొప్పగా చెప్పుకున్నాను కూడా. అలాంటివాణ్ణి, వేరే గ్లాసు, వేరే నీళ్లు, కడిగి దాచుకోవడం, అన్నీ సంచిలో పెట్టుకుని ఆమె వాకిట్లో కూర్చున్నాను. అదీ పద్నాలుగేళ్ల తర్వాత. సిగ్గుతో ఆ పూట అన్నం సహించలేదు. నా గుండెకు జబ్బొస్తుందని ఇన్నాళ్లూ భయపడ్డాను. ఆమె గుండెకు నేనే దెబ్బ కొట్టి వచ్చానని తెలియలేదు.

మర్నాడు పొద్దున్నే బయల్దేరాను. మా ఆవిడ ఫ్లాస్కు నింపి ఇవ్వబోతే వద్దన్నాను. రెండు గ్రీన్ టీ పొట్లాలు మాత్రం చొక్కా జేబులో వేసుకున్నాను. దారి పొడుగునా ఏం చెప్పాలో తయారుచేసుకున్నాను గానీ వాడలో అడుగు పెట్టేసరికి అదేదీ అక్కర లేకపోయింది. గేదె అరుపు వంక దగ్గరికే వినిపించింది.

తెల్లవారక ముందు నుంచీ నొప్పులు పడుతోందట. కొమరోలు ఆయన ఏదో పెళ్లికి పోయాడు, ఫోను పలకడం లేదు. పెద్దమ్మ గేదె మెడ పట్టుకుని కూర్చుని ఉంది. నన్ను చూసి లేచింది. కళ్లు వాచి ఉన్నాయి.

"మీకు కబురు చెయ్యలేదు గదా సారూ" అన్నది.

"చెయ్యకపోయినా వచ్చినా. నీళ్లు పెట్టు" అన్నాను.

దూడ తల, ఒక కాలు దారికి వచ్చాయి. రెండో కాలు మోకాలి దగ్గర మడుచుకుని లోపలే ఇరుక్కుంది. దూడను వెనక్కి నెట్టి, ఆ గిట్ట లోపల గీరకుండా అరచేతిలో కప్పుకుని, మెల్లగా ముందుకు తిప్పుకురావాలి. చెప్పడానికి ఇంతే. గేదె ముక్కిన ప్రతిసారీ నా చెయ్యి లోపల రోకటి కింద పడ్డట్టు నలిగింది. రెండుసార్లు గిట్ట అందినట్టే అంది జారిపోయింది. నాకు ఆయాసం మొదలైంది. ఆగి ఊపిరి తీసుకుంటుంటే ఒక సంగతి గమనించాను. ఇంత జరుగుతున్నా పెద్దమ్మ నాలుగడుగుల దూరంలో నోరు మూసుకుని నిలబడి ఉంది. పద్నాలుగేళ్లలో ఆ కొట్టంలో నేను దూడను లాగిన ప్రతిసారీ పక్కనే నిలబడి ప్రార్థన చేసేది.

"ప్రార్థన చెయ్యి పెద్దమ్మా" అన్నాను. "నాకు చెయ్యి తిరగడం లేదు."

ఆమె నన్ను చూసింది. దగ్గరికి వచ్చింది. ఒక చెయ్యి గేదె వీపు మీద పెట్టి, రెండోది ఎక్కడ పెట్టాలో తెలియనట్టు ఆగి, చివరికి నా భుజం మీద పెట్టింది. "ప్రభువా" అన్నది. ఆ తర్వాత మాటలు రాలేదు, ఏడ్చింది. నాకదే చాలింది. మూడోసారి గిట్ట దొరికింది. తిప్పాను. కాలు చాపుకుని వచ్చింది. తాడు కట్టి, గేదె ముక్కినప్పుడల్లా లాగితే, దూడ జారి గడ్డి మీద పడింది. ముక్కులోది తుడిచి, గడ్డితో ఒళ్లంతా రుద్దాను. కదల్లేదు. ఇంకా గట్టిగా రుద్దాను. తుమ్మింది.

పెయ్యదూడ. నల్లగా, నుదుట ఒక తెల్ల చుక్కతో ఉంది. నేను ఆ బురదలోనే కూలబడి నవ్వాను. ఆయాసం మొదలయ్యాక అంత తేలికైన ఊపిరి నా రొమ్ములోకి రాలేదు.

పెద్దమ్మ చేతుల మీద నీళ్లు పోసింది. తువ్వాలిచ్చింది. అక్కడే నిలబడింది, లోపలికి పోలేదు.

"టీ ఇయ్యవా పెద్దమ్మా?"

"మీది మీకుంది గదా సారూ."

ఆ మాటలో కోపం లేదు. ఉంటే బాగుండేది. నేను జేబులోంచి పొట్లాలు తీసి ఆమె చేతిలో పెట్టాను. "ఇది నీ పొయ్యి మీద కాచి నా గ్లాసులో పోసియ్యి. పాలు, చక్కెర వద్దు. రక్తంలో కొవ్వు ఎక్కువైందని డాక్టరు పాల టీ మానమన్నాడు. మా నాయన యాభై ఆరేళ్లకే గుండె ఆగి పోయినాడు. నాకు భయమైంది. ఆ పొద్దు ఈ నాలుగు ముక్కలు నీకు చెప్పకుండా పోయినా. మా ఇంట్లో చూరులో గ్లాసుండేది పెద్దమ్మా. ఆ ఇంట్లో పుట్టినోణ్ణి, నాకు తెలిసుండాల. తప్పు నాది."

ఆమె పొట్లాలను అరచేతిలో అటూ ఇటూ తిప్పి చూసింది.

"అట్లాంటి గ్లాసుల్లో ఎన్నో తాగినా నాయనా" అన్నది చివరికి. "తాగనని అంటే బాధపడేదాన్ని కాదు. నువ్వు ఆ మూత కడిగి సంచిలో దాచుకున్నావు చూడు, దాన్ని చూసి నా కాళ్లు చల్లబడినాయి. ఇన్నేండ్లు తాగిందంతా మొహమాటానికే తాగినాడేమో అనుకున్నా."

"మొహమాటానికి తాగితే ఇంత కొవ్వు పడతదా?" అన్నాను.

ఒక్క క్షణం ఆగి, నోటికి కొంగు అడ్డం పెట్టుకుని నవ్వింది. ఆ నవ్వు వినేదాకా నేను నాయనా అన్న పిలుపు తిరిగొచ్చిందని కూడా గమనించలేదు.

కాచింది. గిన్నె మూత తీసి వాసన చూసి మొహం చిట్లించింది. అరచేతిలో నాలుగు చుక్కలు పోసుకుని నాకి చూసింది. "ఏంది నాయనా ఇది, తుమ్మ చెక్క ఉడకేసినట్ల ఉంది! ఇది తాగి బతకాల్నా?" అన్నది. సొట్ట గ్లాసులో పోసి, కళ్లు మూసుకుని, "ప్రభువా, ఈ పసరును దీవించు, ఈ బిడ్డ గొట్టాల్లో కొవ్వంతా కరిగించు" అని ప్రార్థించి ఇచ్చింది. గొట్టాల సంగతి నేను ఆమెకు చెప్పలేదు. నా ఉపన్యాసం వంక దాటి ఆమె దాకా వచ్చిందన్నమాట. చెప్పాల్సినవాణ్ణి మాత్రం చెప్పలేదు. ఆ రోజు ఆ గడ్డి నీళ్లు మొదటిసారి నాకు రుచిగా ఉన్నాయి. రెండో రోజు జున్ను పాలు పంపింది. "ఇది నీకు గాదు, కోడలికి" అని పాలకేంద్రం అతనితో మరీ చెప్పించింది. మా ఆవిడ జున్ను వండి నా ముందే కూర్చుని తిన్నది.

అప్పటి నుంచి సంచిలో ఫ్లాస్కు లేదు. జేబులో పొట్లాలు మాత్రం ఉంటాయి. ఏ ఇంట్లోనైనా వాళ్ల నీళ్లు, వాళ్ల పొయ్యి, వాళ్ల గ్లాసు.

మార్కాపురంలో మళ్లీ రక్తపరీక్ష చేయించాం. కాగితం చూసి డాక్టరు ఈసారి రెండోసారి చూడలేదు. కొవ్వు బాగా దిగిందన్నాడు, మాత్ర మాత్రం మానొద్దన్నాడు. బయటికి రాగానే మా ఆవిడ మెట్ల మీదే కూర్చుని కళ్లు తుడుచుకుంది. "చూశావా, గ్రీన్ టీ" అన్నది. మాత్ర, నడక, ఆగిపోయిన ఎనిమిది టీలు, వీటి ఊసు నేనెత్తలేదు. ఆమె సంతోషాన్ని పంచి వాటికివ్వడం నాకిష్టం లేకపోయింది.

మర్నాడు ఆ కాగితం పట్టుకుని పెద్దమ్మ ఇంటికి పోయాను. ఆమెకు చదువు రాదు. అయినా కాగితాన్ని రెండు చేతులతో పట్టుకుని చూసింది.

"మీ నాయన వయసు దాటుతావంటనా?"

"ఇంకో మూడు నెలల్లో దాటుతా పెద్దమ్మా."

కాగితం మడిచి నా జేబులో పెట్టింది. లోపలికి పోయి, సొట్ట గ్లాసు తీసుకుని గుమ్మంలో నిలబడింది. పొయ్యి మీద పాలు పొంగుతున్న వాసన వస్తోంది. ఆమె నా మొహం చూసి, మెల్లగా, జంకుతూ అడిగింది.

"మా ఇంట్లో టీ తాగుతావా నాయనా? డాక్టరు ఏమన్నా అంటాడా?"

పద్నాలుగేళ్ల కింద అడిగిన ప్రశ్నే. అప్పుడు నా కులానికి భయపడి అడిగింది. ఈసారి నా గుండెకు భయపడి అడిగింది. నేను ఈసారి ఒక్క క్షణం కూడా ఆగలేదు.

"సగం పొయ్యి పెద్దమ్మా" అన్నాను.

కొలిచినట్టు సగమే పోసింది.